యూనిఫాం మాస్టారి తెల్లకోళ్ళు

ఆ వీధిలో ఎవరినడిగినా ఆయన అసలు పేరు చెప్పలేరు. యూనిఫాం మాస్టారి కొట్టు ఎక్కడంటే మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బళ్ళు తెరిచే రోజుల్లో ఆ కొట్టు చూడాలి, కాలు పెట్టడానికి చోటుండదు. నేల మీద నీలం తానులు, బల్ల మీద తెల్ల తానులు, మూలన బూడిదరంగు నిక్కర్ల గుట్ట. వాటి మధ్య మాస్టారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, చేతిలో మూరెడు కత్తెర. ఆయన కుట్టిన చొక్కాలు ఎన్నయినా తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చండి, అంచు వెంట్రుకవాసి పక్కకి జరగదు. మనిషికో పిచ్చి అంటారు కదా, ఈయనకి అన్నీ ఒకేలా ఉండాలన్న పిచ్చి. ఆ పిచ్చే అన్నం పెట్టింది కాబట్టి దాన్ని ఎవరూ పిచ్చి అనలేదు, పనితనం అన్నారు.

కొట్టు వెనకే ఇల్లు, ఇంటి వెనక పెరడు. ఉండేది ఇద్దరే, మాస్టారూ వాళ్ళావిడా. మిగిలిన గుడ్డ పారేయడం మాస్టారికి గిట్టదు. అందుకని ఇంట్లో కర్టెన్లు నీలం, దిండు గలీబులు నీలం, బల్ల మీద పరిచిన గుడ్డ బూడిదరంగు. ఆవిడ జాకెట్లు ఏ బడి గుడ్డ మిగిలితే ఆ బడి రంగు. కాజాలు కుట్టడానికి వచ్చే తాత ఒకసారి ఆవిణ్ణి చూసి, "నిన్ను చూస్తే హాజరు పిలవాలనిపిస్తోందమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. కొత్త జాకెట్టు కుట్టి ఇచ్చినప్పుడల్లా మాస్టారు "ఎలా ఉంది?" అని అడుగుతారు. ఆవిడ "బాగుంది" అంటుంది. ఆయన తల పంకించి మళ్ళీ మిషను తొక్కడంలో పడిపోతారు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మాట పట్టింపు లేదని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవారు కూడా.

అలాంటి కాపురంలో కోళ్ళు వచ్చి చిచ్చు పెట్టాయి. పోనీ వీళ్ళ కోళ్ళా అంటే అదీ కాదు, పక్కింటివి!

పక్కింట్లోకి ఒక డ్రైవరు దిగాడు. జీవితమంతా బస్సు నడిపి రిటైరయినవాడు. ఒంటిమనిషి. గొంతు మాత్రం ఇంకా బస్సులోనే ఉన్నట్టు, ఆ కొసనున్నవాడికి వినపడేలా మాట్లాడతాడు. సామాన్ల కంటే ముందు కోళ్ళ గంపలు దించాడు. వాటిల్లో ఏ రెంటికీ పోలిక లేదు. ఒకటి ఇటుక రంగు, ఒకటి నల్లగా నిగనిగలాడుతుంది, ఒకటి ఒళ్ళంతా చుక్కలు. ఒకదానికి కాళ్ళ నిండా ఈకలే, మేజోళ్ళు తొడుక్కున్నట్టు. ఇంకోదానికి మెడ మీద ఈకలే లేవు, ఎర్రగా బోసిమెడ. మాస్టారు మొదటిరోజు గోడ మీంచి తొంగిచూసి, "ఛీ, కొట్టులో నేల మీది పీలికలన్నీ ఊడ్చి పోసినట్టుంది" అనుకుని లోపలికి పోయారు.

రెండు పెరళ్ళకీ నడుమ గుండె ఎత్తు గోడ. మర్నాడే డ్రైవరు గోడ దగ్గర నిలబడి, "చెల్లెమ్మా! ఓ చెల్లెమ్మా! ఇటు రా, ఈ గుడ్డు రంగు చూడు" అని కేకేశాడు. ఆవిడ బట్టలు ఆరేస్తున్నది కాస్తా వెళ్ళింది. గుడ్డు లేత నీలంగా ఉంది. ఆవిడ రెండు చేతులా పట్టుకుని, "నిజంగా కోడే పెట్టిందా? నువ్వు రంగేశావా అన్నయ్యా?" అంది. డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది. అంతే, ఆ పూట నుంచి ఆవిడ చెల్లెమ్మ, వాడు అన్నయ్య, అడగకుండానే మాస్టారు బావగారు అయిపోయారు.

"బావా! కొట్టు తెరిచావా?" అని వీధిలోంచి అరుస్తాడు. బావట బావ! మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ నవ్వు ఒకటి, ప్రాణానికి ఉచ్చులా తయారైంది. కొట్టులో మిషను తొక్కుతుంటే పెరట్లోంచి వినపడేది. ఆవిడ నవ్వే. అలా నవ్వగలదని మాస్టారికి తెలియదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నగా నవ్వేది తెలుసు. ఇది కడుపులోంచి వచ్చే నవ్వు, మధ్యలో ఊపిరందక ఆగి మళ్ళీ మొదలయ్యే నవ్వు. ఆయన కాలు పెడలు మీద ఆగిపోయేది. చెవులు రిక్కించి వినేవారు. ఏం మాట్లాడుకుంటున్నారో అర్థమయ్యేది కాదు, నవ్వు మాత్రం స్పష్టంగా వినపడేది.

"మాస్టారూ," అన్నాడు కాజాల తాత ఓ రోజు, కళ్ళద్దాలు పైకి తోసుకుని. "ఈ చొక్కాకి కాలరు తిరగేసి కుట్టారు."

మాస్టారు చూసుకున్నారు. నిజమే. ఈ కొట్టులో కాలరు తిరగబడటమా!

"ఆయనెవరో చెల్లెమ్మా అని పిలుస్తుంటే మీకెందుకయ్యా ఆ మంట?" అన్నాడు తాత, ముసిముసిగా.

"నాకేం మంట? ఎవడి కోళ్ళు ఎట్లా పోతే నాకేం?"

"కోళ్ళ మాట నేనెత్తలేదే!"

మాస్టారు పళ్ళు కొరుక్కుంటూ కాలరు విప్పడం మొదలుపెట్టారు.

నీలం గుడ్డు అలమరలో ఒక గిన్నెలో కూర్చుంది. వండదు, పారేయదు. వస్తూపోతూ ఆవిడ దాని వంక చూస్తుంది. "వండవా దాన్ని?" అన్నారు మాస్టారు. "చూసుకోడానికి ఉంచానండీ" అంది. ఆయన కుట్టిన జాకెట్లు పెట్టెడున్నాయి. వాటిల్లో ఒక్కదాన్నయినా అలా చూసుకుందా? గుడ్డును చూసి కుళ్ళుకునే స్థితికి వచ్చారు మహానుభావుడు. నవ్వకండి, ఆయనకి అన్నం కూడా సయించలేదు.

ఆ రాత్రే ఆయనొక నిర్ణయానికొచ్చారు. కోళ్ళే కదా కావాల్సింది? ఆ పీలికల మూటని తలదన్నే కోళ్ళు మనింటికే తెస్తే సరి. ఆవిడ మన పెరట్లోనే నవ్వుతుంది, గోడ దగ్గర పనే ఉండదు. ఏ కోళ్ళు ఇష్టమని ఆవిణ్ణి ఒక్క మాట అడిగితే పోయేదే. అడగడం ఆయనకి తోచలేదు, అడిగే అలవాటు ఉంటేగా తోచడానికి.

ఊరి చివర ఒకావిడ కోళ్ళు పెంచి అమ్ముతుంది. వెదురు గంపల మధ్య తిప్పి అన్నీ చూపించింది. "ఇవి ఎర్రవి, సాధువులు, చేతిలో గింజలు తింటాయి. ఈ నల్లవి చలికి తట్టుకుంటాయి. ఈ చుక్కలవి గుడ్ల మీద బాగా కూర్చుంటాయి, పిల్లల్ని లేపాలంటే ఇవే. మీకేం కావాలి?"

"ఒకేలా ఉండాలి" అన్నారు మాస్టారు. "ఈక తేడా ఉండకూడదు."

కోళ్ళావిడ ఎగాదిగా చూసింది. "అయితే తెల్ల లెగ్‌హార్న్‌లు తీసుకోండి. గుడ్ల విషయంలో వీటిని కొట్టేవి లేవు. కానీ బెదురు జాతి. మనిషి దగ్గరికొస్తే ఎగిరి అవతల పడతాయి, చేతికి రావు. ముచ్చటకి పెంచుకునేవి కావు."

ఆయన విన్నది "తెల్ల" అన్నంతవరకే. ఒకే తానులోంచి కత్తిరించినట్టు పన్నెండు పెట్టలు వరసగా నిలబడుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంత అందం దేవుడికి కూడా కుదిరిందే అనుకున్నారు.

గూడు ఆయనే కట్టారు. టేపు పట్టి, సుద్ద గీత గీసి, చెక్కలు కోసి. పన్నెండు కోళ్ళకి పన్నెండు గుడ్ల అరలు, అన్నీ ఒకే కొలత. ఒక్కో అరకీ మిగిలిన నీలం గుడ్డతో చిన్న కర్టెను, అంచు మడిచి కుట్టింది. కొట్టు పని పక్కన పడేసి మరీ చేశారు. కాజాల తాత వచ్చి చూసి, "వీటికి బ్యాడ్జీలు కూడా పెడితే బడికి పంపొచ్చు" అన్నాడు.

కోళ్ళను వదిలి, మాస్టారు ఆవిణ్ణి పిలిచారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. గుండె దడదడలాడుతోంది, పెళ్ళిచూపులప్పుడు కూడా అంత కొట్టుకోలేదు.

"ఎలా ఉన్నాయి?"

ఆవిడ కోళ్ళ వంక చూసింది, గూటి వంక చూసింది, కర్టెన్ల వంక చూసింది.

"బాగున్నాయి" అంది.

ఆయన ఇంకా ఏదో వస్తుందని చూశారు. ఏమీ రాలేదు. ఆవిడ చెంగు దోపుకుని గింజలు తెచ్చి చల్లింది. కోళ్ళు బెదిరి అవతలి మూలకి ఎగిరిపోయాయి. ఆవిడ చాట అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే గోడ దగ్గర నవ్వు వినపడింది.

పైగా ఆ కోళ్ళు కూడా పరువు తీశాయి. పన్నెండు అరలుంటే పన్నెండూ ఒక్క అర కోసమే కొట్టుకునేవి. ఒకటి లోపల కూర్చుంటే తక్కినవి బయట వరసలో నిలబడి గోల పెట్టేవి. మిగిలిన పదకొండు కర్టెన్లూ గాలికి ఊగేవి. డ్రైవరు గోడ మీంచి చూసి, "బావా, టికెట్లు ఇమ్మంటావా?" అని అరిచాడు. మాస్టారు వినపడనట్టు నటించారు.

"వీటిలో నీకేది ఇష్టం?" అని ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగారు. చాలా ఆలోచించి, ఎంతో మామూలుగా అడిగినట్టు అడిగారు.

"అన్నీ ఒకటేగా" అంది ఆవిడ, కూర వడ్డిస్తూ.

ఓహో, అదా సంగతి, గుర్తుపట్టడానికి వీల్లేకనా! మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గుర్తులు పెట్టడం ఆయనకో లెక్కా? గుండీల డబ్బా తీశారు. రంగురంగుల గుండీలు ఎలాస్టిక్‌కి కుట్టి, నానా తంటాలు పడి ఒక్కోదాన్నీ పట్టుకుని, కాలికొకటి తొడిగారు. పచ్చగుండీ కోడి, పసుపుగుండీ కోడి, ఎర్రగుండీ కోడి. ఇక ఇష్టం వచ్చినదాన్ని ఏరుకోవచ్చు.

కోళ్ళు మెరిసేది కనపడితే పొడుస్తాయి. ఎర్రగా ఉంటే మరీ పొడుస్తాయి. కోళ్ళు పెంచే ఏ మనిషినడిగినా చెప్పేవాడు. కానీ అడగాలంటే ఆ డ్రైవర్నే అడగాలి, అంతకంటే చావు నయం! తెల్లారేసరికి ఎర్రగుండీ పెట్ట కాలు పచ్చిపుండై నెత్తురు కారుతోంది. తక్కిన పదకొండూ దాన్ని మూలకి నెట్టి పొడుస్తున్నాయి. ఆవిడ చూసి "అయ్యయ్యో!" అంటూ పరిగెత్తి, ఆ పెట్టని ఒడుపుగా ఎత్తుకుని, నేరుగా గోడ దగ్గరికి వెళ్ళింది. "అన్నయ్యా! తొందరగా రా!"

పక్కనే మొగుడు నిలబడున్నాడు. ఆయన వంక కన్నెత్తి చూడలేదు. మాస్టారి ఒంట్లో ఎక్కడో కత్తిరించినట్టయింది.

పొద్దుటి నుంచి కొట్టులో కూర్చున్నారుగానీ ఒక్క కుట్టు సవ్యంగా పడలేదు. మధ్యాహ్నం ముందే లేచి, చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి వెళ్ళి, గూటి వెనక నక్కి నిలబడ్డారు. అవును, నక్కారు. పెద్దమనిషి, ఊరంతా మాస్టారూ అని గౌరవించే మనిషి, కోళ్ళగూటి వెనక దొంగలా నక్కారు.

గోడ దగ్గర ఆవిడ గొంతు వినపడుతోంది. అది నవ్వు కాదు, తిట్టడం!

"నీకసలు బుద్ధుందా అన్నయ్యా? ఆ కాళ్ళకి బొచ్చున్నదాన్ని ఎందుకు తెచ్చావసలు? వానొస్తే బురదంతా దాని కాళ్ళకే. నాకు బొత్తిగా నచ్చలేదు, ఇచ్చెయ్ ఎవరికైనా."

"నీకేం తెలుసు చెల్లెమ్మా, రాజకుమారిలా ఉంటుంది!"

"రాజకుమారట! తిండికి ముందు, గుడ్డుకి వెనక. ఆ పుంజు కూడా నాకు పడదు, ఊరికే పొగరు. ఆ బోసిమెడదే నాకిష్టం. అందరూ ఛీ అంటారు కదా, దాని నడక చూడు ఎంత దర్జాగా ఉంటుందో."

"నీ టేస్టు తగలెయ్య!"

"నీ టేస్టే తగలెయ్యాలి!"

ఇద్దరూ ఫెళ్ళున నవ్వారు. మాస్టారు గూటి చెక్క గట్టిగా పట్టుకున్నారు. ఇది ఆయన ఆవిడేనా? నచ్చలేదు, పడదు, ఇచ్చెయ్ అంటోంది! ఇన్ని మాటలు ఆవిడ నోట్లో ఎక్కడ దాక్కున్నాయి?

"సరేగానీ," అన్నాడు డ్రైవరు, "మా బావ తెచ్చిన తెల్లకోళ్ళ సంగతి చెప్పు. ఎలా ఉన్నాయి?"

మాస్టారు చెవి గూటి చెక్కకి ఆనించారు.

"బాగున్నాయి" అంది ఆవిడ.

"అయితే నచ్చలేదన్నమాట" అన్నాడు డ్రైవరు.

ఆవిడ కాదనలేదు.

మాస్టారు కొట్టులోకి వచ్చి కూర్చున్నారు. ఇంతకాలం నవ్వుల కోసం కుళ్ళుకున్నారు, ఇప్పుడు తిట్ల కోసం కుళ్ళు మొదలైంది. ఇది మరీ అన్యాయం. నిన్నగాక మొన్న వచ్చిన బస్సు డ్రైవరుకి "బాగున్నాయి" అంటే ఏమిటో తెలుసు. ఆ మాటతోనే ఇన్నేళ్ళు కాపురం చేసినవాడికి తెలియదు. పెట్టెడు జాకెట్లు, కర్టెన్లు, గలీబులు, అన్నిటికీ ఒకటే మాట చెప్పింది. ఒక్కదాన్నీ ఇష్టపడలేదా? వాడితో పోట్లాడుతుంది. నాతో ఎందుకు పోట్లాడదు? నేనేం తక్కువ తిన్నాను?

మర్నాడు ఆయన చేసిన పని వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. తాత అదే చేశాడు. మాస్టారు ఒక జాకెట్టు కుట్టారు. ఒక చెయ్యి మణికట్టు దాటేదాకా, ఇంకో చెయ్యి భుజం దగ్గరే ఆపేశారు. మెడ పక్కకి పోయింది. ముందు గుండీలకి, కాజాలకి పొత్తు లేదు. వీపు ఆకుపచ్చ, ఛాతీ బూడిదరంగు. జీవితంలో మొదటిసారి వంకరగా కుట్టడానికి ఆయనకి చెమటలు పట్టాయి, చేతులు వినలేదు. కాజాలు అడ్డదిడ్డంగా కుట్టమంటే తాత, "మాస్టారూ, డాక్టరుకి చూపించుకున్నారా?" అన్నాడు.

పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు. "వేసుకో. ఎలా ఉంది?"

మనసులో మాత్రం బతిమాలుకుంటున్నారు. అను. బాగాలేదను. నా మొహాన విసిరికొట్టు.

ఆవిడ వేసుకుంది. అద్దంలో చూసుకుంది. పొట్టి చెయ్యి కిందికి లాక్కుంది, అది రాలేదు.

"బాగుంది" అంది. సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరింది.

ఊరంతా చూసింది. పిల్లలు వెంటపడ్డారు. మందుల షాపతను కొట్టు గుమ్మంలోకి వచ్చి, "మాస్టారూ, చూపేమైనా తగ్గిందా?" అని జాలిగా అడిగిపోయాడు. తాత సూది పక్కన పెట్టి, "ఇవాళ మీ పరువు వీధుల్లో ఊరేగింది" అన్నాడు.

ఆవిడ తిరిగొచ్చేసరికి మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడున్నారు. మొహం జేగురించింది.

"బాగాలేదని అనలేవా?" అని అరిచారు. "కళ్ళులేవా నీకు? ఒక చెయ్యుంది, ఒక చెయ్యి లేదు! దీన్ని తొడుక్కుని బజారుకెళతావా? నీ నోట్లో మాట లేదా?"

ఆవిడ సంచీ కింద పెట్టింది.

"అంటే ఏం చేస్తారు?" అంది. మెల్లిగానే అంది.

"ఏం చేస్తానేమిటి? అని చూడు ముందు!"

"ఒకసారి అన్నానండీ." ఆవిడ కూరగాయలు తీసి గట్టు మీద పెట్టసాగింది. "పెళ్ళయిన కొత్తలో. బూడిదరంగు జాకెట్టు కుట్టారు. నాకీ రంగు నచ్చలేదండీ అన్నాను, అంతే. మీరు తిట్టలేదు, కొట్టలేదు. కత్తెర తీశారు. నా ఎదురుగా ముక్కలు ముక్కలుగా కోశారు. అన్నీ ఒకే సైజు ముక్కలు. వాటిని శుభ్రంగా దొంతర పేర్చి, బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఆ దొంతర ఎన్నాళ్ళో ఆ బల్ల మీదే ఉంది."

మాస్టారు జ్ఞాపకాల్లో వెతుక్కున్నారు. ఎంత వెతికినా ఆ రోజు ఆయనకి దొరకలేదు.

"నాకు గుర్తే లేదు" అన్నారు.

"మీరు కోశారు, నేను చూశాను. నాకే గుర్తుంటుంది."

"మరి వాడితో?" ఆయన గుమ్మం వదిలి లోపలికొచ్చారు. "ఆ డ్రైవరుతో ఎలా అంటావు? నచ్చలేదంటావు, బుద్ధుందా అంటావు. నేను విన్నాను."

ఆవిడ మొదటిసారి ఆయన వైపు తిరిగింది. గూటి వెనక నక్కిన సంగతి తెలిసిపోయిందని ఆయనకి సిగ్గేసింది. కానీ ఆవిడ ఎగతాళి చెయ్యలేదు.

"అన్నయ్యకి కోపమొస్తే నేను మా ఇంట్లోకి వచ్చేస్తాను. మీకొస్తే ఎక్కడికెళ్ళనండీ?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ కూరలు తరుగుతుంటే వంకర జాకెట్టు పొడుగు చెయ్యి మాటిమాటికీ కత్తిపీటకి తగులుతోంది. ఆవిడ దాన్ని పైకి మడుచుకుంటోంది. ఆయన చూస్తూ కూర్చున్నారు.

"రేపు ఆ కోళ్ళావిడ దగ్గరికి పోదాం" అన్నారు చివరికి. "నువ్వే ఏరుకో."

"ఉన్నాయి కదండీ."

"అవి నేను ఏరుకున్నవి."

ఆవిడ తరగడం ఆపింది. "అయితే వాటినేం చెయ్యొద్దు. పాపం, వాటి తప్పేముంది? ఉంటాయి."

బళ్ళు తెరిచే ముందు రోజుల్లో మాస్టారు కొట్టుకి తాళం వేయడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. తాత గుమ్మం ముందు నిలబడి తాళాన్ని లాగి చూశాడట.

కోళ్ళావిడ గంపల మధ్య ఆవిడ తిరగడం చూసి మాస్టారికి మళ్ళీ కుళ్ళే. ఎంత మాట్లాడుతోంది! ఇది పొదుగుతుందా, అది పొడుస్తుందా, దీని గుడ్డు ఏ రంగు, దాన్ని ఎవరు పెంచారు? ఒక దాని రెక్క విప్పి చూస్తుంది. ఒక దాన్ని చంకన పెట్టుకుని గుండె కొట్టుకోవడం వింటుంది. ఆ కోళ్ళావిడతో, చూసి గంట కూడా కాని మనిషితో, చిన్నప్పటి స్నేహితురాలిలా వాదిస్తోంది. మాస్టారు ఖాళీ బుట్ట పట్టుకుని వెనకాలే నడుస్తున్నారు. ఏమీ మాట్లాడకూడదని దారిలోనే ఒట్టు పెట్టుకున్నారు.

ఒట్టు నిలవలేదు. ఒక గంపలో నల్లపెట్ట ఉంది. ఎంత పొందికైన పెట్ట! ఈకలన్నీ ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టున్నాయి. తోక నిటారుగా ఉంది. ఎక్కడా ఒక్క పోగు లేచి లేదు. ఆయన బుట్ట కింద పెట్టి, రెండు చేతులా దాన్ని ఎత్తి ఆవిడ ముందు పట్టారు.

"ఇది తీసుకో. చూడు ఎలా ఉందో."

ఆవిడ చూసింది. నోరు తెరిచింది. "బా" అన్నంత వరకూ వచ్చిందని ఆయనకి తెలిసింది, పెదవులు కలుసుకున్నాయి కూడా. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"నాకొద్దు" అంది.

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే చచ్చిపోయారు కదా. తీరా వచ్చేసరికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. చెవులు వేడెక్కాయి. ఏమిటీ పొగరు, ఇంత మంచి పెట్టని పట్టుకుని వద్దంటుందా, దీని కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది! ఈ మాటని గోడ అవతలివాడు రోజూ నవ్వుతూ వింటున్నాడే, వాడికెలా నవ్వొస్తోంది? కోపంగా తలెత్తి చూశారు.

ఆవిడ ఆయన మొహం వంక చూడటం లేదు. ఆయన చేతుల వంక చూస్తోంది. కన్నార్పకుండా చూస్తోంది. ఒక అడుగు వెనక్కి వేసినట్టు ఆవిడకే తెలియలేదు.

మాస్టారు కూడా తన చేతుల వంక చూసుకున్నారు. వేళ్ళు నల్లపెట్ట రెక్కల మీద బిగుసుకుపోయి ఉన్నాయి, పెట్ట గింజుకుంటోంది. ఆయన ఒక్కో వేలూ సడలించారు. పెట్టని మెల్లిగా గంపలోకి దించారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వంగి, కింద పెట్టిన బుట్ట అందుకున్నారు.

"అయితే ఏది?" అన్నారు.

ఆవిడ కళ్ళు ఆ చేతుల మీంచి బుట్ట మీదికి జరిగాయి. తర్వాత ఆ మూల గంప వైపు వేలు చూపించింది. అందులో చుక్కల పెట్ట ఒకటుంది. ఒక రెక్క పైకి, ఒక రెక్క కిందికి. తోక ఎటో తిరిగిపోయింది. అంతకంటే తీరూ తెన్నూ లేని కోడి ఆ ఆవరణలో ఇంకోటి లేదు.

"దాని తోక వంకరగా ఉంది" అన్నారు మాస్టారు. ఆపుకోలేకపోయారు.

"ఉండనీండి" అంది ఆవిడ. "నాకు నచ్చింది."

వెళ్ళి దాన్ని పట్టుకుంది. మాస్టారు బుట్ట మూత తీసి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.